1984 హార్నెట్ బగ్గీ: తయారీ ఆగిపోయిన స్పేర్లు ఎక్కడ వెతకాలి, ఏవి ఇక్కడే చేయించుకోవచ్చు?

హార్నెట్_హన్మకొండ:

అందరికీ నమస్కారం. జపాన్ టమియా కంపెనీ రిమోట్ కంట్రోల్ కారు హార్నెట్ ఒకటి దొరికింది. పాత 58045 కిట్ అని అమ్మినవారి మాట. పెట్టె లేదు, మాన్యువల్ లేదు. ప్రస్తుతం ఇలా ఉంది:

ఛాసిస్ తొట్టి వెనక భాగంలో, గేర్‌బాక్స్ బిగించే చోట కుడివైపు 4 సెం.మీ. పొడవున బీట ఉంది. ఎవరో ఫెవిక్విక్ పోశారు, అది మళ్ళీ విడిపోయింది. వెనక షాకులు (షాక్ అబ్జార్బర్లు) రెండూ ఎండిపోయాయి, ఒకదాని కడ్డీ తుప్పు పట్టింది. మోటారు వేగం మార్చే మెకానికల్ స్పీడ్ కంట్రోలర్ రాగి పలకలు నల్లబడ్డాయి. రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ బ్యాటరీ పెట్టెలో సెల్స్ కారిపోయి పచ్చగా చిలుము పట్టింది. వెనక టైర్లు వేలితో నొక్కితే పగుళ్ళు తెరుచుకుంటున్నాయి. తెల్ల చక్రాలు పసుపు రంగుకు తిరిగాయి. మోటారు తిరుగుతోంది కానీ గేర్‌బాక్స్‌లోంచి గరగరమని శబ్దం. బాడీ ముక్కు దగ్గర చీలింది, స్టిక్కర్ల అంచులు లేస్తున్నాయి.

అలమరాలో పెట్టడానికి కాదు, వారానికోసారైనా మట్టిలో తోలాలని ఉంది. ఏ క్రమంలో మొదలుపెట్టాలి? స్పేర్లు మన దగ్గర దొరుకుతాయా, జపాన్ నుంచే తెప్పించాలా? అసలు ఇది నిజంగా 84 నాటిదేనా, తర్వాత కంపెనీ మళ్ళీ విడుదల చేసిన రీ-రిలీజా, ఎలా తెలుస్తుంది?

---

స్ప్రూ_శాస్త్రి:

కారు ఏ కాలం నాటిదన్నది ముందు తేల్చుకోండి, దేన్ని కొనాలో దాన్ని బట్టే ఉంటుంది. అడుగున అచ్చులో 1984 అని కనిపించినా నమ్మొద్దు. ఆ సంవత్సరం అచ్చు తయారైన కాలాన్ని చెబుతుంది, ప్లాస్టిక్ పోసిన కాలాన్ని కాదు. హార్నెట్ 2004లో 58336 నంబరుతో మళ్ళీ వచ్చింది, పాత డిజైన్ మీదే. మీ కారులో మెకానికల్ స్పీడ్ కంట్రోలర్, దానికి సొంత సర్వో (రిమోట్ చెప్పినట్టు చేయి తిప్పే చిన్న మోటారు పెట్టె), పక్కన సిరామిక్ రెసిస్టర్, రిసీవర్‌కు విడిగా నాలుగు పెన్‌సెల్స్ పెట్టె ఉన్నాయంటే పాతదయ్యే అవకాశమే ఎక్కువ. స్టిక్కర్లు కూడా సాక్ష్యమే. రీ-రిలీజ్ కిట్లలో పాత స్పాన్సర్ లోగోలు కొన్ని మార్చేయడం టమియాకు మామూలు. అసలు కిట్ స్టిక్కర్ షీటు ఫొటోతో పక్కపక్కన పెట్టి చూడండి.

అయితే తోలడానికే అయితే ఈ తేడా మీకు మేలే చేస్తుంది. రీ-రిలీజ్ వచ్చిన మోడల్‌కు స్పేర్ల కరువు చాలావరకు తీరినట్టే. రీ-రిలీజ్ రాని కార్లు బాగు చేసేవాళ్ళ కష్టం వేరు.

స్పేర్లు వెతికే పద్ధతి చెబుతాను. చాలామంది పేరుతో వెతుకుతారు, అందుకే దొరకవు. టమియా నంబర్లు మూడు రకాలు. 58తో మొదలయ్యే ఐదంకెలది కిట్ నంబరు. 50తో మొదలయ్యేది దుకాణాల్లో ప్యాకెట్‌గా అమ్మే స్పేర్ పార్ట్. 53, 54తో మొదలయ్యేవి హాప్-అప్‌లు, అంటే మెరుగైన ఐచ్ఛిక భాగాలు. ఇవి కాక మాన్యువల్ చివరి పేజీలో ఏడెనిమిది అంకెల కస్టమర్ సర్వీస్ కోడ్ ఉంటుంది. ఒక్కో స్ప్రూకు (ముక్కలు కలిసి అచ్చై వచ్చే ప్లాస్టిక్ చట్రం), ఒక్కో స్క్రూ సంచికి ఒక్కో కోడ్. దుకాణంవాళ్ళు ఆ కోడ్‌తోనే నిల్వ చూస్తారు. కాబట్టి ముందు 58045, 58336 మాన్యువళ్ళు రెండూ పీడీఎఫ్‌గా దించుకోండి. విరిగిన ముక్క మీద చిన్న అక్షరం, అంకె అచ్చై ఉంటాయి, ఏ4, బీ7 అలా. అక్షరం స్ప్రూది, అంకె ఆ స్ప్రూలో ముక్కది. మాన్యువల్ బొమ్మలో దాన్ని పట్టుకుని, ఆ స్ప్రూ కోడ్ రెండు మాన్యువళ్ళలో ఒకటేనా చూడండి. ఒకటే అయితే కళ్ళు మూసుకుని కొత్తది తెప్పించవచ్చు. వేరైతే అచ్చులో మార్పు జరిగిందేమో ఫొటోలు పోల్చాకే డబ్బు కట్టండి.

ఇంకో దారి కూడా ఉంది. హార్నెట్, టమియాదే అయిన గ్రాస్‌హాపర్ కారు, రెండింటికీ పునాది ఒకటే. లంచ్ బాక్స్, మిడ్‌నైట్ పంప్‌కిన్ అనే టమియా కార్ల గేర్‌బాక్స్ కూడా ఆ కుటుంబానిదే. హార్నెట్ పేరుతో ఖాళీ అని చూపే భాగం గ్రాస్‌హాపర్ పేరుతో తక్కువ ధరకే ఉండొచ్చు. ఇక్కడ కూడా కోడ్ పోల్చడం తప్పనిసరి. కొనకూడనివీ కొన్ని ఉన్నాయి. గ్రాస్‌హాపర్‌లో కిట్ మోటారు 380 సైజు, హార్నెట్‌లో అంతకన్నా పెద్ద 540. మోటారు బిగించే భాగాలు ఆ పేరుతో తీసుకోకండి. గ్రాస్‌హాపర్ బాడీ గట్టి ప్లాస్టిక్, హార్నెట్‌ది పల్చటి పాలీకార్బొనేట్. వాటి మరమ్మత్తు పద్ధతులు కూడా పూర్తిగా వేరు.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఇవి జపాన్ ప్రమాణం జేఐఎస్ తరహా ప్లస్ స్క్రూలు. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన ఇందులో పూర్తిగా కూర్చోదు, బలం పెడితే పైకి జారి తలను కొరికేస్తుంది. జేఐఎస్ నంబర్ 2 స్క్రూడ్రైవర్ ఒకటి కొనండి, జపాన్ బైకుల కార్బ్యురేటర్ పని చేసే మెకానిక్కుల దగ్గర కూడా ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు ప్లాస్టిక్‌లో దిగే స్క్రూను ముందు వెనక్కి, అంటే విప్పే దిశలో, మెల్లగా తిప్పండి. ఒక చోట టక్కుమని చిన్నగా కిందికి దిగుతుంది. అది పాత మర. అక్కడి నుంచి ముందుకు తిప్పితే పాత దారిలోనే వెళ్తుంది. నేరుగా తిప్పితే కొత్త మర కోసుకుంటూ పోయి, మూడో నాలుగో సారికి రంధ్రం వదులైపోతుంది. పాత గేర్‌బాక్స్ పెట్టెల చెవులు చెడేది ఎక్కువగా ఇలాగే.

విరిగిన ముక్క ఏదీ పారేయకండి. కొత్తది చేయించాల్సి వస్తే కొలతలకు ఆధారం అదే.

---

నైలాన్_నాగమణి:

ప్లాస్టిక్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే పాత కార్లు ఎక్కువగా పాడయ్యేది తప్పుడు జిగురుతోనే.

ముందు అది ఏ ప్లాస్టికో తెలియాలి. బయటికి కనపడని మూల దూది పుల్లతో ఒక్క చుక్క అసిటోన్ అద్దండి. పది సెకన్లలో జిడ్డుగా మారి దూది అంటుకుంటే ఏబీఎస్ లేదా పాలీస్టైరీన్. ఏమీ కాకపోతే నైలాన్, అసిటాల్, పాలీప్రొపిలీన్‌లలో ఒకటి. వీటిని ఏ జిగురూ నమ్మకంగా పట్టదు, మార్చడమే మార్గం. పారదర్శక బాడీ మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. పాలీకార్బొనేట్‌కు అసిటోన్, థిన్నర్ తగిలితే క్షణాల్లో తెల్లబడి సన్న పగుళ్ళు వస్తాయి, వెనక్కి తీసుకోలేరు.

ఛాసిస్ తొట్టి ఏబీఎస్ అని తేలితే బీటను బాగు చేయవచ్చు. పాత ఫెవిక్విక్ మొత్తం గీకి తీయాలి, కొంచెం మిగిలినా ద్రావణి జిగురు లోపలికి వెళ్ళదు. బీట రెండు కొనల్లో 1.5 మి.మీ. డ్రిల్ బిట్‌తో చిన్న రంధ్రం వేయండి. బీట కొన సూదిలా ఉంటుంది, ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. గుండ్రటి రంధ్రం పడితే ఆ ఒత్తిడి చెదిరి, బీట ముందుకు సాగడం ఆగుతుంది. తర్వాత లోపలి వైపు నుంచి బీట వెంబడి సగం మందం లోతున వీ ఆకారపు గాడి తీయండి.

నింపడానికి ఏబీఎస్ ముద్ద ఇంట్లోనే చేసుకోవచ్చు. త్రీడీ ప్రింటర్ల నల్ల ఏబీఎస్ ఫిలమెంట్‌ను సన్నగా కత్తిరించి గాజు సీసాలో వేసి మునిగేంత అసిటోన్ పోసి మూత బిగించి రాత్రంతా ఉంచండి. ఉదయానికి తేనెలా జారుతూ ఉండాలి. చిక్కబడితే అసిటోన్, పల్చబడితే ఇంకొన్ని ముక్కలు. అసిటోన్ పెయింట్ల దుకాణంలో తీసుకోండి. గోళ్ళ రంగు తుడిచే ద్రవంలో నూనెలు, రంగులు కలిపి ఉంటాయి, అది పనికిరాదు. కిటికీలు తెరిచి, పొయ్యికి, దీపానికి దూరంగా చేయండి.

గాడిని ఒకేసారి నింపకండి. పల్చటి పూత, రెండు మూడు గంటలు ఆగడం, మళ్ళీ పూత. ఒకేసారి మందంగా పోస్తే పైన తోలు కట్టి లోపల అసిటోన్ చిక్కుకుపోతుంది, చుట్టూ ఉన్న మంచి ప్లాస్టిక్ కూడా మెత్తబడి వంకర తిరుగుతుంది. చివరికి లోపలి వైపు 1 మి.మీ. ఏబీఎస్ రేకు ముక్కను బీటకు రెండు వైపులా కనీసం 15 మి.మీ. దాటేలా అతికించండి. బలం ఇచ్చేది ఈ అతుకే, గాడిలో ముద్ద కాదు. రెండు రోజులు పూర్తిగా ఆరాకే స్క్రూ బిగించండి. ఫెవిక్విక్ ఎందుకు విడిపోయిందంటే అది గట్టిపడ్డాక పెళుసు. హార్నెట్‌లో గేర్‌బాక్స్, వెనక ఇరుసు, మోటారు అన్నీ ఒకే ముద్దగా పైకీ కిందికీ ఊగుతాయి కాబట్టి ఆ మూల నిరంతరం మెలిపడుతూ ఉంటుంది. అరాల్డైట్ కూడా ఏబీఎస్ మీద కొన్నాళ్ళకు పొరలా లేచిపోతుంది.

చక్రాల పసుపు విషయం. అసిటోన్ పరీక్షలో ఏబీఎస్ అని తేలితేనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పని చేస్తుంది. మందుల దుకాణంలో దొరికే 20 వాల్యూమ్ ద్రావణం అంటే 6 శాతం. గాజు పాత్రలో చక్రాలు పూర్తిగా మునిగేలా పోసి ఎండలో పెట్టండి. గంటకోసారి తిప్పుతూ చూడాలి, లేదంటే మచ్చలుగా తెల్లబడతాయి. మూత గట్టిగా బిగించకండి, ఆక్సిజన్ వాయువు పుట్టి పీడనం పెరుగుతుంది. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. మన వేసవి ఎండకు ఒక రోజులోనే తేడా కనిపిస్తుంది. కానీ ఇది శాశ్వతం కాదు, వెలుతురులో పెడితే కొన్నేళ్ళకు మళ్ళీ పసుపు తిరుగుతుంది. చక్రాలు నైలాన్ అయితే పెరాక్సైడ్ వృథా. నైలాన్ బట్టల రంగును బాగా పీల్చుకుంటుంది కాబట్టి నలుపు అద్దడం మేలు.

నైలాన్ భాగాలు ఏళ్ళ తరబడి ఎండి పెళుసుగా మారతాయి. వాటిని 80 నుంచి 90 డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచి, అదే నీళ్ళలో చల్లారనివ్వండి. నైలాన్ తేమ పీల్చుకుని మళ్ళీ కొంత సాగే గుణం వస్తుంది. ఏబీఎస్ ముక్కలను మాత్రం ఆ గిన్నెలో వేయకండి, వంగిపోతాయి.

బాడీ చీలికకు లోపలి వైపు నుంచి జిప్సమ్ బోర్డుల అతుకుకు వాడే ఫైబర్ మెష్ టేపు వేసి దాని మీద షూ గూ లాంటి రబ్బరు జిగురు పల్చగా పూయండి. చీలిక కొనలో ఇక్కడ కూడా రంధ్రం వేయాలి. స్టిక్కర్లు పీకే ముందు పక్కన స్కేలు పెట్టి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. కొలత కనిపించే స్కాన్ ఉంటే ఏ వినైల్ ప్రింటింగ్ దుకాణంలోనైనా అచ్చు వేయించుకోవచ్చు. నల్ల బాడీ మీదికి కాబట్టి కింద తెల్ల పొర వేసి ముద్రించమని చెప్పండి, లేకపోతే రంగులు మురికిగా కనిపిస్తాయి.

---

హార్నెట్_హన్మకొండ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అసిటోన్ పరీక్ష చేశాను. తొట్టి ఏబీఎస్, చక్రాలు మాత్రం అంటుకోలేదు. గేర్‌బాక్స్ విప్పాను. లోపల గ్రీజు మైనంలా గట్టిపడి బూడిద నలుపు రంగులో ఉంది. పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేర్) పళ్ళ కొనలు సూదిగా అరిగాయి. దానితో కలిసే పెద్ద గేర్ పళ్ళు ఒక వైపు మెరుస్తున్నాయి కానీ విరగలేదు. దీనికి ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరికే 48 డీపీ (పళ్ళ సైజు కొలత, అంకె పెరిగితే పళ్ళు సన్నబడతాయి) పినియన్ వేయొచ్చా?

---

గేర్_గిరి:

వద్దు, ఆ ఒక్క పని చేయకండి. 48 డీపీ పళ్ళు సన్నవి, మీ గేర్‌వి లావైనవి. చేతితో తిప్పితే కలిసినట్టే అనిపిస్తాయి, మోటారు పెట్టి తోలితే ఒక్క పూటలో పెద్ద గేర్ గుండు అవుతుంది. ఆ గేర్ దొరకబుచ్చుకోవడమే కష్టం, పినియన్ కాదు.

పళ్ళ సైజు మీరే కొలవండి. వెర్నియర్‌తో పినియన్ బయటి వ్యాసం తీసుకుని, పళ్ళ సంఖ్యకు 2 కలిపి దాంతో భాగించండి. 18 పళ్ళ పినియన్ 16 మి.మీ. ఉంటే 16 భాగించడం 20, అంటే 0.8 మాడ్యూల్ (పళ్ళ సైజుకు మెట్రిక్ కొలత). అదే 18 పళ్ళు 12 మి.మీ. ఉంటే 0.6. హార్నెట్, గ్రాస్‌హాపర్‌లది 0.8. దీనికి 32 డీపీ సరిపోతుంది, అది 0.794 మాడ్యూల్‌కు సమానం. 48 డీపీ అంటే సుమారు 0.53. మీ పినియన్ అరిగి ఉంది కాబట్టి వ్యాసం కొంచెం తక్కువ రావచ్చు, దగ్గరి అంకె తీసుకోండి. కొనేటప్పుడు పళ్ళ సంఖ్య కూడా మారకూడదు. ఈ గేర్‌బాక్స్‌లో మోటారు స్థానం జరపడానికి వీలు తక్కువ, పన్ను పెరిగితే బిగుసుకుంటుంది, తగ్గితే జారుతుంది. మోటారు ఇరుసు 3.17 మి.మీ., పినియన్ రంధ్రం అదే ఉండాలి.

గ్రీజులో ఆ బూడిద రంగు అరిగిన లోహపు పొడి. మెత్తని అల్యూమినియం పినియన్ అరిగితే పొడి గ్రీజులో కలిసి సాన పట్టే ముద్దలా మారి పెద్ద గేర్‌ను కూడా తినేస్తుంది. ఉక్కు పినియన్ వేయండి. గేర్లను, పెట్టెను గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్ బ్రష్‌తో కడగండి. పెట్రోలు, కిరసనాయిలు ప్లాస్టిక్ పెట్టె దగ్గరికి రానివ్వొద్దు, ఏబీఎస్‌ను పెళుసు చేస్తాయి. లోహపు ఇరుసులు, స్క్రూలకైతే కిరసనాయిలు మంచిదే. తిరిగి వేసేటప్పుడు ప్లాస్టిక్‌కు పనికొచ్చే సిలికాన్ లేదా పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) గ్రీజు పళ్ళ మీద పల్చగా రాస్తే చాలు. పెట్టె నిండా కూరితే మోటారు మీద భారం, దుమ్ము కూడా పట్టుకుంటుంది. బండ్ల చాసిస్ గ్రీజు వద్దు.

రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌లోని చిన్న బెవెల్ గేర్లను కూడా విప్పి చూడండి. ఒక వెనక చక్రాన్ని పట్టుకుని రెండోదాన్ని తిప్పినప్పుడు గతుకు తగిలితే వాటిలో ఏదో ఒక పన్ను పోయినట్టు.

ఇరుసులు తిరిగే బుష్‌ల (సాదా గొట్టాల) బదులు బాల్ బేరింగులు ఇప్పుడే వేసేయండి. టమియా 1150 అంటే 5×11×4 మి.మీ., బజారులో దాని పేరు ఎమ్మార్115. టమియా 850 అంటే 5×8×2.5, అది ఎమ్మార్85. రబ్బరు సీలుతో ఉన్నవి అడగండి, మట్టిలో తోలేవాళ్ళకు రేకు సీలు చాలదు. సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగుల దుకాణాల్లో, లేదా ఆన్‌లైన్‌లో పది కలిపి తీసుకుంటే హాబీ ప్యాకెట్ ధర కంటే చాలా తక్కువ. ఏ చోట ఏ సైజో మీ బుష్‌లు కొలిచి రాసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. హార్నెట్ లాంటి కారుకు ఇంత తక్కువ డబ్బుతో ఇంత మార్పు తెచ్చే పని ఇంకోటి లేదు. వదులైన బుష్‌లో ఇరుసు ఊగితే గేర్ల మధ్య ఎడం మారుతుంది, పళ్ళు అరగడానికి అసలు కారణం చాలాసార్లు అదే.

ఒకవేళ పెద్ద గేర్ ఎక్కడా దొరకకపోతే బాలానగర్‌లో గేర్ కటింగ్ చేసే చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. అసిటాల్ కడ్డీ, అంటే డెల్రిన్, మీరే కొని ఇవ్వండి. నైలాన్ తేమకు ఉబ్బుతుంది, సన్న గేర్లకు అసిటాలే సరైనది. పళ్ళ సంఖ్య, మాడ్యూల్, మందం, రంధ్రం కొలతలు కాగితం మీద రాసి ఇస్తూ, పాత గేర్‌ను, దానితో కలిసే గేర్‌ను రెండింటినీ చూపించండి. 0.8 మాడ్యూల్ హాబ్ (పళ్ళు కోసే కట్టర్) ఉందా అని ముందే ఫోనులో అడగండి. ఒక్కటికీ, నాలుగింటికీ మిషన్ సెట్ చేసే కూలి దాదాపు ఒకటే, కాబట్టి నాలుగు చేయించండి. మిగతావి ఇక్కడే తోటివాళ్ళకు పనికొస్తాయి.

---

టంకం_తిరుపతి:

కరెంటు వైపు.

చిలుముకు వెనిగర్ లేదా నిమ్మరసం. కారిపోయిన సెల్స్‌లోది క్షారం, దాన్ని ఆమ్లంతోనే చంపాలి. దూది పుల్లతో అద్ది, నురగ ఆగాక నీళ్ళతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెట్టండి. అక్కడి తీగను ఒక సెంటీమీటరు ఒలిచి చూడండి. లోపల రాగి నల్లగా ఉంటే క్షారం ఇన్సులేషన్ కింద పాకింది, ఆ తీగకు టంకం అంటదు. మెరిసే రాగి కనిపించేదాకా కోసేయండి, లేదా తీగే మార్చండి.

మెకానికల్ స్పీడ్ కంట్రోలర్‌ను బాగు చేసి డబ్బాలో దాచండి, తోలడానికి వాడకండి. 1000 నంబరు నీళ్ళ పేపరుతో పలకలు మెరిసేలా రుద్ది, డైఎలక్ట్రిక్ గ్రీజు సన్నగా రాస్తే పని చేస్తుంది. కానీ తక్కువ వేగంలో మిగులు శక్తినంతా రెసిస్టర్ వేడిగా మారుస్తుంది, పక్కన ఉన్న తీగ, బాడీ కరిగేంత వేడి. పైగా సర్వో ఇరుక్కుపోతే కారు పూర్తి వేగంలో ఆగకుండా పోతుంది.

దాని బదులు బ్రష్డ్ మోటార్ల ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ పెట్టండి. హాబీవింగ్ క్విక్‌రన్ 1060 ఈ కార్లకు సరిపోతుంది, మన దేశంలోని హాబీ దుకాణాల్లో కూడా దొరుకుతుంది. దాని మీద అమరిక మార్చే చిన్న జంపర్లు (పిన్నుల మీది క్లిప్పులు) రెండు ఉంటాయి, వాటిలో ఒకటి బ్యాటరీ రకానికి. నికెల్ బ్యాటరీ వాడుతుంటే నికెల్ స్థానంలో, లైపో (లిథియం పాలిమర్) వాడుతుంటే లైపో స్థానంలో పెట్టాలి. లైపో పెట్టి జంపర్ నికెల్ వైపే వదిలేస్తే బ్యాటరీ హద్దు దాటి ఖాళీ అయి ఉబ్బిపోతుంది. ఈ కంట్రోలరే రిసీవర్‌కు కూడా కరెంటు ఇస్తుంది, కాబట్టి నాలుగు పెన్‌సెల్స్ పెట్టెను కలపకండి. రెండూ కలిపితే ఏదో ఒకటి కాలిపోవచ్చు.

27 మెగాహెర్ట్జ్ రిమోట్ పక్కన పెట్టి 2.4 గిగాహెర్ట్జ్ సెట్ తీసుకోండి. స్టీరింగ్ సర్వో మార్చితే దాని ఇరుసు పళ్ళు లెక్క చూడండి. ఫ్యుటాబా 25, హైటెక్ 24, సాన్వా 23. టమియా సర్వో సేవర్‌తో (దెబ్బ సర్వోకు తగలకుండా కాచే చేయి) వచ్చే అడాప్టర్లలో సరైనది వేయకపోతే బిగించిన కొద్దీ పళ్ళు కోసుకుపోతాయి.

మోటారుకు 104 అని రాసి ఉన్న 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు మూడు వేయండి. ఒకటి రెండు టెర్మినళ్ళ మధ్య, మిగతా రెండూ ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు డబ్బాకు. డబ్బా మీద పూతను గీకి, 60 వాట్ల ఐరన్‌తో చకచకా టంకం వేయాలి. చిన్న ఐరన్‌తో చాలాసేపు వేడిచేస్తే లోపలి అయస్కాంతం, బ్రష్ పట్టీ దెబ్బతింటాయి. ఇవి లేకపోతే బ్రష్‌ల నిప్పురవ్వలు రిసీవర్‌ను గందరగోళపరుస్తాయి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి.

540 సైజు అని చెప్పి 12 వోల్టుల మోటార్లు అమ్ముతారు, వాటి జోలికి వెళ్ళకండి. డబ్బా సైజు ఒకటే అయినా చుట్ట వేరు. 7.2 వోల్టుల మీద నెమ్మదిగా తిరుగుతాయి, ఇరుసు పొడవు కూడా తేడా ఉంటుంది.

---

యోకోహామా_రాజు:

జపాన్ నుంచి తెప్పించే సంగతి. యాహూ ఆక్షన్స్ జపాన్‌లో ఉన్నంత పాత సరుకు ఇంకెక్కడా లేదు. బయటి దేశాలకు నేరుగా పంపరు కాబట్టి బైయీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తి సేవలు వాడాలి. కారు పేరును జపనీస్ కటకనా లిపిలో అతికించి వెతకండి, ఇంగ్లిష్‌లో వెతికితే సగం కూడా కనపడవు. దానికి తోజిమోనో అన్న మాటను జపనీస్ లిపిలో కలిపితే ఆ కాలపు అసలు సరుకు వస్తుంది, జంకు అని కలిపితే పని చేస్తుందన్న హామీ లేని కార్లు వస్తాయి. జంకు కార్లే మీకు కావాల్సినవి. ఒక గేర్ ప్యాకెట్ ధరకు కాస్త పైన విరిగిన కారు మొత్తం దొరుకుతుంది, అందులో గేర్లు, ఇరుసులు, అరుదైన స్క్రూలు అన్నీ ఉంటాయి.

ఫొటోల్లో చూడాల్సింది కారు అడుగు. పై బాడీ ఎంత మెరిసినా అడుగున గీతలు లోతుగా ఉంటే బాగా తోలిన కారు, గేర్‌బాక్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. టైర్లు ప్లాస్టిక్‌కు ఆనుకుని ఏళ్ళ తరబడి ఉంటే రబ్బరులోని మెత్తబరిచే నూనె ప్లాస్టిక్‌లోకి దిగి కరిగించేస్తుంది. అలాంటి నల్లటి గుంటలు ఉన్నాయేమో చూడండి. (మీ కారును కూడా ఇకమీదట స్టాండు మీదే నిలపండి.)

ఖర్చు లెక్కలో వేలం ధర చిన్న భాగమే. మధ్యవర్తి రుసుము, జపాన్ లోపలి తపాలా, అంతర్జాతీయ తపాలా, మన కస్టమ్స్ సుంకం కలుస్తాయి. సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చు కలిపి లెక్కిస్తారు. కాబట్టి ఒక్కో ముక్క విడిగా తెప్పించకండి. మధ్యవర్తి గోదాములో కొన్ని వారాలు ఉంచుకునే వీలుంది, నాలుగైదు కొని ఒకే పార్శిల్‌గా కలిపించండి. లోపల పాత బ్యాటరీ ఉంటే తీసేయమని రాయండి, లేకపోతే విమాన తపాలాలో ఆగిపోతుంది. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. అందుకే టాయ్ అని రాసి వచ్చే పూర్తి కిట్లు కస్టమ్స్ దగ్గర ప్రశ్నల్లో చిక్కుకునే అవకాశం ఉంది. విడి భాగాలను ఉన్నది ఉన్నట్టు, ఒక్కో భాగం పేరు, నిజమైన ధరతో రాయించండి. ధర తగ్గించి రాయిస్తే పార్శిల్ పోయినప్పుడు బీమా కూడా ఆ తగ్గించిన ధరకే వస్తుంది.

కొత్తవైతే హాంకాంగ్‌లోని ఆర్సీమార్ట్, జపాన్ దుకాణాలు నేరుగా మన దేశానికి పంపుతాయి. టైర్లు మాత్రం కొత్తవే కొనండి. పగిలిన రబ్బరును ఏ నూనె రాసినా బాగు చేయలేరు, పైన నిగనిగలాడుతుందంతే.

---

స్ప్రూ_శాస్త్రి:

రాజు గారి మాటకు ఒకటి కలుపుతాను. తోలడమే ముఖ్యమైతే రీ-రిలీజ్ తొట్టి, గేర్‌బాక్స్ పెట్టె కొత్తవి తెప్పించి వాటితో కారు కట్టండి. అతికించిన 84 నాటి తొట్టిని, స్టిక్కర్లతో ఉన్న బాడీని తీసి భద్రపరచండి. నాగమణి గారి పద్ధతిలో బీట గట్టిగానే అతుకుతుంది, కాదనను. కానీ నలభై ఏళ్ళ ప్లాస్టిక్‌లో తర్వాతి బీట వేరే చోట మొదలవుతుంది. అసలు తొట్టి ఒకసారి ముక్కలైతే మళ్ళీ రాదు.

---

నైలాన్_నాగమణి:

బాడీ విషయంలో ఒప్పుకుంటాను. తొట్టి విషయంలో ఒప్పుకోను. అడుగున గీతలు పడ్డ తొట్టికి భద్రపరిచే విలువ తక్కువ, మరమ్మత్తు చేసి వాడటమే దానికి న్యాయం. రాతి నేల మీద గెంతించకుండా మట్టిలో తోలితే చాలాకాలం వస్తుంది.

---

కప్ప_కాకినాడ:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నా దగ్గర టమియాదే 1983 ఫ్రాగ్ కారు ఉంది. వెనక డ్రైవ్ షాఫ్టులు కొంచెం బలం పెట్టగానే జారుతున్నాయి. షాఫ్ట్ కొనలు ఆరు పలకలుగా ఉన్నాయి. షాఫ్టులు మారిస్తే చాలా?

---

గేర్_గిరి:

చాలదు. ఆ ఆరు పలకల కొన, అది కూర్చునే గిన్నె రెండూ కలిసే గుండ్రంగా అరుగుతాయి. కొత్త షాఫ్ట్ పాత గిన్నెలో వేస్తే వారంలో అదీ గుండ్రమవుతుంది. 2005లో మళ్ళీ వచ్చిన ఫ్రాగ్‌లో ఈ అమరికను మార్చి డాగ్‌బోన్ (రెండు కొనల్లో గుండు, అడ్డపిన్ను ఉండే) షాఫ్టులు పెట్టారు. అవి కావాలంటే షాఫ్టులు, గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే గిన్నెలు, చక్రాల వైపు ఇరుసులు మొత్తం సెట్‌గా తీసుకోవాలి, విడిగా కలవవు. అమెరికాలోని ఎంఐపీ సంస్థ ఈ కార్లకు సీవీడీ (కీలుతో వంగే) షాఫ్టులు చేసింది, దొరికితే అవి ఇంకా గట్టివి. వివరాలకు కొత్త ప్రశ్న పెట్టండి, గేర్‌బాక్స్ ఫొటోలతో.

---

హార్నెట్_హన్మకొండ:

32 డీపీ ఉక్కు పినియన్, ఎమ్మార్115 బేరింగులు ఆర్డర్ పెట్టాను. తొట్టికి రంధ్రాలు వేసి మొదటి పూత పోశాను. చక్రాలకు నల్ల రంగే అద్దుతాను. షాకుల సంగతి ఎవరూ చెప్పలేదు. ఓ-రింగులు ఏవి, ఆయిల్ ఏది?

---

గేర్_గిరి:

తుప్పు పట్టిన కడ్డీని 1500, తర్వాత 2000 నంబరు నీళ్ళ పేపరుతో నిలువుగా కాక చుట్టూ తిప్పుతూ రుద్దండి. గోరు జరిపితే గుంట తగిలిందంటే మార్చాల్సిందే, ఆ గుంట ఓ-రింగును కోసేస్తుంది. ఓ-రింగులు నైట్రైల్ రబ్బరువి తీసుకోండి. సిలికాన్ ఆయిల్‌లో సిలికాన్ రబ్బరు రింగు ఉబ్బి కడ్డీని పట్టేస్తుంది. కడ్డీ వ్యాసం, రింగు కూర్చునే గాడి లోతు కొలిచి రాణిగంజ్‌లో చూపిస్తే ఇస్తారు. సిలికాన్ ఆయిల్ 400 సీఎస్‌టీ (చిక్కదనం కొలత)తో మొదలుపెట్టండి. కడ్డీని పూర్తిగా కిందికి లాగి అంచు దాకా పోసి, నెమ్మదిగా పైకీ కిందికీ పదిసార్లు ఆడించి, ఐదు నిమిషాలు నిలబెట్టండి. బుడగలన్నీ పైకి వచ్చాక మళ్ళీ అంచు దాకా నింపి, కడ్డీని సగం లోపలికి తోసి, పొర్లిన ఆయిల్ తుడిచి మూత బిగించండి. బిగించాక కడ్డీ చివరిదాకా లోపలికి వెళ్ళకుండా ఆగిపోతే ఆయిల్ ఎక్కువైనట్టు, మూత వదులు చేసి రెండు చుక్కలు తీయండి. తోలినప్పుడు వెనక భాగం ఇంకా బంతిలా ఎగురుతుంటే 500కు వెళ్ళండి, అంతకు మించి వద్దు. ఈ కారు వెనక ఇరుసు బరువుకు మరీ చిక్కటి ఆయిల్ వేస్తే షాక్ కదలక, ఆ దెబ్బంతా మీరు అతికించిన తొట్టి మూల మీదే పడుతుంది.